ఎద్దు చెప్పిన సాక్ష్యము

చెన్నపట్టణమునుండి బెజవాడకు పోవు రైలుమార్గముమీద, నెల్లూరు దాటిన పిదప ఒంగోలు చేరకముందు, వరాహనరసింహస్వామి వెలసిన చిన్నకొండ పేరనే సింగరాయకొండ యను స్టేషను కలదు. ఊరికి తూర్పున పాకల సముద్రతీరము. పడమట నాలుగైదు కోసుల దూరమున కందుకూరు. ఆ మీదట కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి మొదలగు మెట్టసీమ. కందుకూరు కనిగిరి ప్రాంతములవారికి రైలెక్కవలసివచ్చినపుడు తరతరములుగా ఇదియే రేవు వంటిది. పొగాకు బేళ్ళు, మిరపటిక్కీలు, పెండ్లిబృందములు, రోగులు అందరును ఈ త్రోవనే వచ్చిపోయిరి. ఈ త్రోవవెంట తూర్పునుండి పడమటికి పోవువాడు కన్నులు తెరచి చూచినచో నీటి చరిత్ర యొకటి అతనికి గోచరించును. సముద్రపుటొడ్డున ఇసుకలో మోకాలిలోతు చలమ త్రవ్వినను తియ్యని నీరూరును. పడమటికి పోయినకొలది ఇసుక తరిగి, రాయి పెరిగి, నీటి గుణము మారిపోవును. ఆ మార్పు నాలుకకు తెలియదు. మనుష్యుల పళ్ళు చెప్పును.

పడమటి పల్లెలలో పిల్లలు నవ్వినపుడు కొందరి పళ్ళపై సుద్దవంటి తెల్లని మచ్చలును, కొందరికి పసుపు చారలును, మరికొందరికి గోధుమవర్ణపు పట్టీలును కనిపించును. వీనినే ప్రజలు గారపళ్ళని యందురు. తోముటలో శ్రద్ధ లేకపోవుటచే పట్టిన గార ఇది కాదు. బొగ్గుతో తోమినను వేపపుల్లతో తోమినను పోదు. పంటిపైనుండు ఎనామిలు అను పూత ఏడెనిమిదేండ్ల వయస్సు లోపలనే తయారగును గనుక, ఆ యేండ్లలో త్రాగిన నీటి కథ దానిమీద చెరగని వ్రాతయై నిలిచిపోవును. పెరిగి పెద్దయిన పిదప ఆ యూరికి వచ్చినవారికి పళ్ళు తెల్లగానే యుండును. అయినను వారు తప్పించుకొనిరనుకొనరాదు. పుట్టింటి నీరు పళ్ళమీద కనిపించును, మెట్టినింటి నీరు ఎముకలలో దాగియుండును. ముత్యములవంటి పలువరుసతో కాపురమునకు వచ్చిన కోడలు ఇరువది ముప్పది యేండ్లు ఆ బావినీరే త్రాగి, నడుము బిగిసి, మెడ త్రిప్పలేక, గోడ పట్టుకొని లేచు స్థితికి వచ్చుట ఆ సీమలో క్రొత్త సంగతి కాదు.

నీటిని గూర్చి మన పెద్దలకు శాస్త్రము లేదనుట పొరపాటు. తటాకమును సప్తసంతానములలో ఒకటిగా లెక్కించిన జాతి నీటి విషయమున అజాగ్రత్తగా నుండునా? వానకాలపు చెరువునీరు బురదగా నున్నపుడు కుండలోపలి భాగమున చిల్లగింజను అరగదీసి నీరు పోసినచో తెల్లవారుసరికి మడ్డి అడుగునకు దిగి తేటనీరు పైన నిలుచుననియు, గింజ దొరకనిచోట పటికముక్కను రెండుమారులు త్రిప్పినను చాలుననియు ప్రతి యిల్లాలికిని తెలియును. త్రాగి చూచి, ఉప్పన, జవుకు, తీపి యని నీటిని విడదీయుదురు. కందిపప్పు చక్కగా ఉడికిన నీరు మంచినీరు. గంటసేపు కాగినను పప్పు బద్దలుగా మిగిలినచో అది వాడుకనీరు. తలంటిపోసికొన్నపుడు వెండ్రుకలు జిగటగా అట్టలు కట్టినచో ఆ బావిని పశువులకు విడిచిపెట్టుదురు. కన్ను, నాలుక, పొయ్యి, జుట్టు ఈ నాలుగును పల్లెటూరి ప్రయోగశాలలు. వేలయేండ్లు ఇవి మనలను కాపాడినవి.

ఐతే ఈ నాలుగు పరీక్షలకును లొంగని పదార్థమొకటి కలదని ఇరువదవ శతాబ్దము మనకు నేర్పినది. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, మన నీళ్ళలో నుండునంతమాత్రమున రుచియు లేదు, కాచినను పోదు. అంతకన్న విచిత్రమేమనగా, ఏ నీటిలో సున్నపుపాలు తక్కువయై సోడాపాలు హెచ్చుగా నుండునో ఆ నీటిలోనే ఫ్లోరైడు తరచుగా ఎక్కువగా కరగియుండును. సున్నము సమృద్ధిగా నున్నచోట అది ఫ్లోరైడుతో కూడి గట్టిపడి రాతిలోనే నిలిచిపోవును. సున్నము తక్కువైన నీటిలోనే గదా పప్పు సులువుగా ఉడుకునది! కనుక పొయ్యిమీది పరీక్షలో మొదటి తరగతిలో గెలిచిన నీరే కొన్ని యెడల ఎముకల పరీక్షలో ఓడిపోవుచున్నది. మన పెద్దల తెలివి లోపించి ఇట్లయినది కాదు. శత్రువు వారి కోట ద్వారములు నాలుగింటిని విడిచి ఐదవ దారిన వచ్చెను.

ఈ శత్రువును మొదట పసిగట్టినది వైద్యుడు కాదు, రైతు. రైతుకు చెప్పినది ఎద్దు. గుండ్లకమ్మ మొదలుకొని కందుకూరు వరకును గల మైదానములు ఒంగోలుజాతి పశువులకు పుట్టినిల్లు. సముద్రములు దాటి బ్రెజిలు దేశమునకు చేరిన ఈ జాతిని నేటికిని అక్కడివారు నెల్లూరు పేరనే పిలుచుచున్నారు. అట్టి పశువును కన్నబిడ్డవలె సాకు రైతునకు దాని నడకలోని యే చిన్న తేడాయైనను తెలియకపోదు. 1930 తరువాతి యేండ్లలో ఆంధ్రదేశపు రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగిసి, కాలు తీసి కాలు వేయలేక, కాడి క్రింద నిలువలేకపోవుటను గమనించిరి. మనుష్యుడైనచో వాతమనును, గ్రహచారమనును, వయస్సు మీద పడినదనును. ఎద్దుకు అట్టి సాకులు లేవు. నడువలేనిదానిని నడువలేనిదిగానే చూపినది. 1934లో మహాజన్ అనువారు నిజాము రాజ్యమునందలి పశువులలో ఈ వ్యాధిని వర్ణించిరి. 1935లో విశ్వనాథన్ అనువారు మదరాసు రాజధానిలోని మనుష్యులలో ఇట్టి దంతరోగము కలదని తెలిపిరి. పశువునుండి మనుష్యునికి దృష్టి మరలుటకు ఎంతో కాలము పట్టలేదు.

ఆ కాలమున సింగరాయకొండయు, దాని పడమటి సీమయు నెల్లూరుజిల్లాలోనివి. మశూచి టీకాలు తయారుచేయుటకై 1899లో మదరాసు శివారున గిండీలో స్థాపింపబడిన కింగ్ ఇన్‌స్టిట్యూటు అప్పటికి రోగశాస్త్రమునకును నీటి పరీక్షకును దక్షిణాదిలో పెద్ద నిలయమై యుండెను. అక్కడి డైరెక్టరు హెచ్. ఇ. షార్ట్, మదరాసు పెద్దాసుపత్రి వైద్యుడు జి. ఆర్. మెక్‌రాబర్ట్, క్ష-కిరణశాస్త్రజ్ఞుడు టి. డబ్ల్యు. బార్నార్డ్, ఎ. ఎస్. మన్నాడి నాయర్ అను నలువురు కలిసి 1937లో మదరాసు రాజధానియందలి స్థానిక ఫ్లోరోసిసును (ఫ్లోరైడు వ్యాధిని) గూర్చి భారత వైద్యపరిశోధన పత్రికలో ప్రకటించిన వ్యాసము, మన దేశమున మనుష్యుల ఎముకలలోని ఈ రోగమునకు పేరుపెట్టిన మొదటి రచనగా నేటికిని లోకమంతట ఉదాహరింపబడుచున్నది. ఆ సంవత్సరమే షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి కలిసి నెల్లూరుజిల్లా ఫ్లోరోసిసు అను పేరుతోనే ఇంకొక వ్యాసము వెలువరించిరి. వైద్యగ్రంథములలో ఒక జిల్లా పేరు వ్యాధి ప్రక్కన నిలుచుట కీర్తి కాదు. కాని ఆ పేరు నిలువకపోయినచో బాధ అజ్ఞాతముగానే యుండిపోయెడిది.

వారు వర్ణించిన రోగక్రమము ఇట్టిది. బాల్యమున పళ్ళు చారలువడును. యౌవనమున చేతులు కాళ్ళు తిమ్మిరులెక్కును. ఏండ్లు గడిచినకొలది నడుమున నొప్పి మొదలై వెన్నెముక క్రమక్రమముగా ఒకే కర్రవలె బిగిసిపోవును. ఎముకలను కట్టియుంచు నరములవంటి బంధనములు సున్నముపట్టి తామే ఎముకలగును. క్ష-కిరణ చిత్రమున మామూలు ఎముకకన్న తెల్లగా, దట్టముగా, అంచులు గరుకుగా కనిపించును. తుదకు వెన్నుపాము ఒత్తిడికి లోనై కాళ్ళు పడిపోవుటయు కలదు. వంగలేని నడుము దొరబిడ్డకైనను బాధయే గాని, మిరపకోతకును ప్రత్తితీతకును గుంటూరు సీమకు వలసపోవు కూలివానికి వంగగల నడుమొక్కటే పెట్టుబడి. ఆ పెట్టుబడిని నీరు హరించినచో అతనికి మిగులునదేమి?

ఇదే కాలమున ఇతర ఖండములందును ఈ కథ నడచుచుండెను. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెకే యను దంతవైద్యుడు అక్కడివారి పళ్ళమీది గోధుమవర్ణపు మచ్చను చూచి ఆశ్చర్యపడి, మూడు దశాబ్దములు దాని మూలము వెదకెను. 1931లో అల్యూమినియము కంపెనీ రసాయనికుడు హెచ్. వి. చర్చిల్ అట్టి నీళ్ళలో ఫ్లోరైడు కలదని కనిపెట్టుటతో చిక్కు వీడెను. కోపెన్‌హేగెనులో క్రయొలైటు అను ఫ్లోరిను ఖనిజపు ధూళిని పీల్చిన కార్మికుల ఎముకలను పరీక్షించిన కై రోహోల్మ్ యొక్క బృహద్గ్రంథము వెలువడినదియు 1937లోనే. ఒకే యేట, ఒకచోట ఫ్యాక్టరీ ధూళివలన, ఒకచోట బావినీటివలన, ఒకే మూలకము ఒకే విధమున ఎముకను రాయిచేసినదని రెండు దూరదేశములు సాక్ష్యమిచ్చుట విజ్ఞానచరిత్రలో గమనింపదగిన ఘట్టము. డెన్మార్కు కార్మికుడు పని మానినచో ధూళి తప్పును; మన రైతు నీరు మానుట యెట్లు?

1940లో పండిట్, రాఘవాచారి ప్రభృతులు ఇంకొక ముఖ్యమైన ప్రశ్న వేసిరి: ఒకే బావినీరు త్రాగినవారిలో ఒకడు మంచమెక్కగా ఇంకొకడు తిరుగుచుండుటకు కారణమేమి? ఆహారములో, ముఖ్యముగా సి-విటమిను లోపములో, పేదరికములో వారికి సమాధానము దొరకెను. పాలు, పండ్లు, ఆకుకూరలు తినగల ఇంట రోగము మెల్లగా నడచును. జొన్నసంకటియు పచ్చిమిరపకాయయు మాత్రమే యున్న ఇంట వేగముగా నడచును. విషము నీటిలో నున్నను దాని బలము కంచములోనిదానిని బట్టి యుండునని తెలిపిన ఈ పరిశోధన, ప్రజారోగ్యమన్నది ఒక్క ఆసుపత్రి పనియే కాదని మనకు ఆనాడే చెప్పినది. ఈ పండిటుగారే స్వాతంత్ర్యానంతరము భారత వైద్యపరిశోధన మండలికి మొదటి డైరెక్టరైరి.

ఇంతకును ఈ విషము ఎచ్చటినుండి వచ్చినది? ఎవడును పోసినది కాదు. భూగర్భశాస్త్రజ్ఞులు ప్రకాశం క్షారశిలాప్రాంతమని ప్రత్యేకముగా పేరుపెట్టునంతటి విశేషమైన శిలలు ఈ సీమలో కలవు. అద్దంకి సమీపమున ఏల్చూరు శిల వానిలో నొకటి. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైటు అను ఖనిజము కంటికి కనిపించునట్లు కలదు. అభ్రకజాతి ఖనిజములలోను, అపటైటులోను ఫ్లోరిను బందీయై యుండును. వానలు తక్కువై, ఎండలు మెండై, నేలలోని నీరు కదలక ఏండ్లతరబడి రాతినెరియలలో నిలిచిపోవుటచే ఆ బందీ మెల్లగా విడుదలయి నీటిలో కలియును. పాలేరు, మన్నేరు వంటి వాగులు వానకు పొంగి వానతోనే ఎండిపోవుటచే ఆ నీటిని కడిగివేయు ప్రవాహబలము లేదు. 1970 ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి క్రొత్తజిల్లా చేసి, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరుపెట్టిరి; జిల్లాల గట్లు మారినను గట్టు క్రింది రాయి మారలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప నీటిచరిత్రలో ఒక విపర్యాసము జరిగెను. అంతకుముందు పల్లెలకు ముఖ్యశత్రువులు రెండు: చెరువునీటిలోని కలరా, దిగుడుబావిలోని నారికురుపు. మెట్లుదిగి కాళ్ళు తడుపుకొని నీరు ముంచుకొనువాని కాలిపుండునుండి పురుగు పిల్లలు నీటిలో పడుట, ఆ నీరు త్రాగినవానికి ఏడాది తిరుగుసరికి కాలిలోనుండి పొడుగాటి దారమువంటి పురుగు వెడలుట పాతతరమువారికి తెలిసిన నరకము. దిగుడుబావులను మూయించి, గిలకబావులు కట్టించి, బోర్లు దింపిరి. 1970 తరువాత మన దేశముననే రూపొందిన ఇండియా మార్కు-2 చేతిపంపు లక్షలకొలది గ్రామములకు వ్యాపించెను. 1996 జూలై తరువాత దేశమున నారికురుపు ఒక్కటియు కనిపింపలేదు; 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మనకు ఆ రోగవిముక్తిని ధ్రువపరచెను. ఇది గొప్ప విజయము, సందేహము లేదు. అయితే సూక్ష్మజీవుల దృష్టిలో నిర్మలమైన లోతునీరు, రాతిపొత్తు ఎక్కువైనచోట్ల ఫ్లోరైడు దృష్టిలో నిర్మలము కాదు. చెరువును విడిచి బోరునకు పోయిన పల్లె ఒక గండము దాటి ఇంకొక గండమున అడుగుపెట్టెను. మొదటి గండము మూడుదినములలో చంపును కనుక కేక వినిపించెను. రెండవది ముప్పదియేండ్లు తీసికొనును కనుక కేక వినిపింపలేదు.

నల్లగొండనుండి 1955లో సిద్దిఖీ బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసిన వ్యాసముతో రోగము పరిధి తెలంగాణము వరకును స్పష్టమయ్యెను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇట్టి సీమలలోని యువకులలో మోకాళ్ళు లోపలికి వంగిపోవు క్రొత్త వైకల్యమును లాన్సెటు పత్రికలో వర్ణించిరి. 1975లో నాగపూరు పర్యావరణ పరిశోధనాసంస్థవారు నల్లగొండ పద్ధతిని ప్రకటించిరి. సున్నము, పటిక, బ్లీచింగుపొడి కలిపి నీటిని త్రిప్పి, మడ్డి దించి వడగట్టుటయే అది. చూడుడు, మన అవ్వలు కుండలో త్రిప్పిన పటికముక్కయే ప్రయోగశాలకు పోయి కొలతలు నేర్చుకొని తిరిగి పల్లెకు వచ్చెను! కాని దినదినమును కొలత తప్పక వేయవలె, మడ్డిని దూరముగా పారవేయవలె. ఆ ఓపిక సన్నగిల్లినచోట తొట్లు ఎండిపోయినవి. 2002లో పోషకాహార సంస్థవారే బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండును 18 దినములు పెట్టి చూడగా మూత్రమున వెడలు ఫ్లోరైడు పెరిగెను. మన చారుకుండ చేయు మేలు చిన్నదే, కాని సత్యము. అయినను చారు నీటికి బదులు కాజాలదు, ఆ చారు కాచునదియు ఆ నీటితోనే గదా.

ఇటీవలి పరిశోధన ఈ కథను ఇంకను విస్తరింపజేసినది. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లిగ్రాము మించకుండుట మేలనియు, వేరు దారి లేనప్పుడు ఒకటిన్నర వరకును సహింపవచ్చుననియు మన ప్రమాణము. ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దును ఒకటిన్నరయే. 2018లో స్విట్జర్లాండు జలపరిశోధకులు లెక్కకట్టిన భారతదేశపు పటము ప్రకారము ఆ హద్దు దాటిన భూగర్భజలమువలన ముప్పునకు లోనగువారు సుమారు 12 కోట్లు. 2024 ఆగస్టులో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమము, ఆ హద్దు దాటిన ఫ్లోరైడుతో పిల్లల బుద్ధిసూచిక తగ్గుదలకు సంబంధము కలదని ఒక మోస్తరు నమ్మకముతో తేల్చినది. అనగా ఇంతవరకును పళ్ళు, ఎముకలు అనుకొన్న లెక్కలో మెదడును చేర్చవలసివచ్చుచున్నది. శరీరమున చేరిన ఫ్లోరైడును బయటికి పంపునది మూత్రపిండమే గనుక, కనిగిరి ప్రాంతమున తరచుగా వినవచ్చు మూత్రపిండ వ్యాధులున్నవారికి ఈ నీరు మరింత భారమగును. ఆ వ్యాధుల మూలము మాత్రము శ్రీకాకుళపు ఉద్దానసీమలోని మూత్రపిండ వ్యాధివలెనే ఇంకను శాస్త్రజ్ఞుల విచారణలో నున్నది. తొందరపడి ఫ్లోరైడొక్కదానిపై నేరము మోపుట న్యాయము కాదు.

నేడు సింగరాయకొండనుండి పడమటికి పోవు బస్సు కిటికీలోనుండి చూచినచో ఊరూరను మినరల్ వాటరు ప్లాంటు, ఇరువదిలీటర్ల టిన్నులు మోయు ఆటోలు కనిపించును. చెరువునకు దాత, బావికి దాత యుండెడి దేశమున నీటికి వెల వచ్చెను. కొనగలవాడు టిన్ను కొనును. కొనలేనివాడు వంటకైన బోరునీరే పోయును. ప్లాంటు వదలిన వ్యర్థజలములో వడగట్టిన ఫ్లోరైడు మరింత చిక్కనై మరల నేలలోనికే ఇంకును. శాశ్వతమైన మార్గము పారునీరొక్కటే. నాగార్జునసాగరు కుడికాలువ కొంతమేరకు ఆ పని చేసినది. శ్రీశైలము జలాశయమునుండి నల్లమల క్రిందుగా 18.8 కిలోమీటర్ల సొరంగములు త్రవ్వి నీరు తెచ్చు పూల సుబ్బయ్య వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. ఫ్లోరైడు సీమలలో 15 లక్షలమందికి త్రాగునీరు దాని సంకల్పములలో నొకటి. శంకుస్థాపననాడు పాలపళ్ళతో నున్న బిడ్డ నేడు తన బిడ్డను బడికి పంపుచున్నాడు.

రోగమునకు పేరుపెట్టి ఎనుబదియేండ్లు దాటినది. కారణము తెలియును, కొలత తెలియును, హద్దు తెలియును. తెలియనిది ఒక్కటే, తన యింటి బిందెలోని అంకె. బావి త్రవ్వించినవాని పేరు, తల్లిదండ్రుల పేర్లు, సంవత్సరముతో సహా ఒరమీది పలకపై చెక్కించుట మన ఆచారము. ఆ పేర్ల క్రింద, లీటరునకు ఫ్లోరైడు ఇంత యని ఒక అంకెను కూడ చెక్కించి, ఏటేట పరీక్షించి దిద్దుచుండుడని పంచాయతీ పెద్దలను, ఉపాధ్యాయులను వేడుకొనుచున్నాను. ఎద్దు తన సాక్ష్యము ఎప్పుడో చెప్పినది. దానిని ఊరివారి కంటికి ఆనునట్లు వ్రాయుట మన పని.